ఆర్థిక ప్రశ్నోత్తరాలు: జీతమూ షేరూ ఫ్లాటూ ఒకే దూలానికి

ఈ నెల వచ్చిన ఉత్తరాలను ముందు వేసుకుని చూస్తే, అమెరికా టెక్నాలజీ షేర్ల గురించి అడిగినవారే ఇంటి గురించీ అడిగారు, ఇంటి గురించి అడిగినవారే వడ్డీ రేట్ల గురించీ అడిగారు. ఈ మూడింటినీ విడదీయడం కుదరదని పాఠకులే తేల్చేశారు కనుక ఈసారి కలిపే తీసుకుంటున్నాను. పేర్లు వేయవద్దని ఎక్కువమంది కోరినందువల్ల ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మావారు ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన హైదరాబాదు కార్యాలయంలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నారు. జీతంతో పాటు సంస్థ ఏటా ఇస్తూ వచ్చిన షేర్ల విలువ ఇప్పుడు 55 లక్షలయింది. బాచుపల్లిలో 80 లక్షలకు ఒక ఫ్లాటు చూశాం, ఇంకా కడుతున్నారు. షేర్లు అమ్మి కొందామని నేను అంటున్నాను. మూడేళ్ళలో అవి రెట్టింపవుతాయి, వాటిని ముట్టుకోకుండా మొత్తం లోను మీదే వెళ్దామని ఆయన అంటున్నారు. ఎవరి మాట సబబు?
— ఒక గృహిణి, మియాపూర్

జవాబు: షేరు రెట్టింపవుతుందో లేదో నేను చెప్పలేను, మీవారూ చెప్పలేరు. అందువల్ల ముందు ‘మొత్తం లోను’ అన్న మాటను పట్టుకుందాం, ఎందుకంటే ఏ బ్యాంకూ మొత్తం ఇవ్వదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలకు పైబడి 75 లక్షల దాకా ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. మీ ఫ్లాటుకు 60 లక్షలు మంజూరయ్యాయనుకుంటే 20 లక్షలు మీరే పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం కనుక మరో 6 లక్షలు, నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కనుక 5 శాతం జీఎస్టీ కింద 4 లక్షలు. ఈ రెండూ మంజూరైన ఆ 60 లక్షలకు బయటి ఖర్చులు. అంటే 30 లక్షలు చేతిసొమ్ము ఉంటే తప్ప ఆ ఫ్లాటు తాళం మీ చేతికి రాదు, అందులో వంటింటి అల్మరాలూ ఫ్యాన్లూ కర్టెన్లూ లేవు. ఆ 30 లక్షలు వేరే పొదుపులో ఉన్నాయని మీరు రాయలేదు. లేకపోతే మీ ఇద్దరి వాదన ఇక్కడే సగం తీరిపోయింది.

మిగిలిన సగమే నాకు ముఖ్యమనిపిస్తుంది. మీ ఇంట్లో నెలనెలా వచ్చే జీతం, బీరువాలో దాచుకున్నట్టు దాచుకున్న షేర్లు, రేపు కొనబోయే ఫ్లాటు, మూడు ఉయ్యాలలూ ఒకే దూలానికి కట్టి ఉన్నాయి. ఆ దూలం పేరు అమెరికా టెక్నాలజీ సంస్థలు పెట్టే ఖర్చు. హైదరాబాదు పడమటి శివార్లలో ఫ్లాటు ధర ఎందుకు పెరిగిందంటే మీవారి వంటి ఉద్యోగులు వేలల్లో కొంటున్నారు కనుక. వారు ఎందుకు కొనగలుగుతున్నారంటే ఆ సంస్థలు బాగున్నాయి కనుక. 2022లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అమెరికాలో వడ్డీ రేట్లు పెరగగానే, టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ ఆ ఒక్క ఏడాదిలో మూడో వంతు పడిపోయింది, ఫేస్‌బుక్ నడిపే మెటా షేరు 60 శాతానికి పైగా పడింది. అదే సంవత్సరం నవంబరులో మెటా 11 వేల మందిని, మరుసటి జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. షేరు పడిన రోజుల్లోనే ఉద్యోగమూ పోయింది, విడివిడిగా రాలేదు. ఈఎంఐ కట్టడానికి జీతం లేనప్పుడు షేర్లు అమ్ముకుందామని ధైర్యంగా ఉండేవారికి, సరిగ్గా ఆ నెలలోనే షేరు సగం ధరకు కనిపించింది.

అందువల్ల నా ఓటు మీకే, పూర్తిగా కాకపోయినా. 35 లక్షల విలువైన షేర్లు అమ్మండి, 20 లక్షలవి మీవారి నమ్మకానికి వదిలేయండి. అమ్మేటప్పుడు 24 నెలలు దాటినవాటిని మాత్రమే ఎంచుకోండి. ఆ షేర్లు చేతికొచ్చిన రోజు విలువ మీద జీతం కింద పన్ను అప్పుడే పోయింది. ఆ తర్వాత పెరిగిన దాని మీదే ఇప్పుడు లెక్క. విదేశీ షేర్లకు రెండేళ్ళు దాటితే 12.5 శాతం, దాటకపోతే మీవారి శ్లాబు ప్రకారం, అంటే బహుశా 30 శాతం. దీర్ఘకాలిక లాభమైతే, షేర్లు అమ్మిన సొమ్మంతా ఇంట్లో పెట్టినప్పుడు ఆ పన్ను కూడా పడకుండా వెసులుబాటు ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 54ఎఫ్ సెక్షను. ఇతరత్రా ఒక ఇంటికి మించి ఉండకూడదు, గడువులు ఉన్నాయి, అందువల్ల అమ్మకముందే ఒక ఛార్టర్డ్ అకౌంటెంటుకు కాగితాలు చూపించండి. అమ్మిన తర్వాత చూపిస్తే ఆయన చేయగలిగేది తక్కువ.

ప్రశ్న: లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశాను. కృత్రిమ మేధకు కావలసిన చిప్‌లు అమ్మే ఎన్విడియా వంటి కంపెనీల షేర్లను సంవత్సర లాభానికి యాభై రెట్లు పెట్టి కూడా కొంటున్నారంటే నమ్మశక్యంగా లేదు. 2000లో ఇలాగే పెరిగి కుప్పకూలిందని నా అభిప్రాయం. మా అల్లుడు మాత్రం ఈసారి లాభాలు నిజమైనవని వాదిస్తూ, నా గ్రాట్యుటీలో 12 లక్షలు అమెరికా షేర్లలో పెట్టమంటున్నాడు. ఇది బుడగేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీకు లెక్క చెప్పడం సాహసమే, అయినా మిగిలిన పాఠకుల కోసం చెబుతాను. లాభానికి యాభై రెట్లు పెట్టడమంటే, లాభం ఇలాగే ఉంటే పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి యాభై ఏళ్ళు. అంత ఓపిక ఎవరికీ ఉండదు. కొనేవాడు నేటి లాభాన్ని కొనడం లేదు, పదేళ్ళ తర్వాతి లాభాన్ని కొంటున్నాడు. ఆ దూరపు లాభానికి నేటి విలువ కట్టేది వడ్డీ రేటు. పదేళ్ళ తర్వాత చేతికొచ్చే 100 రూపాయలకు 4 శాతం వడ్డీ లెక్కన ఇవ్వాళ్టి విలువ సుమారు 67 రూపాయల 50 పైసలు, 8 శాతం లెక్కన 46 రూపాయలు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చేదయితే 45 రూపాయల 60 పైసలు, 21 రూపాయల 50 పైసలు. లాభం ఎంత దూరాన ఉంటే వడ్డీ రేటు దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. సిమెంటు కంపెనీ షేరు కంటే టెక్నాలజీ షేరు వడ్డీ వార్తలకు ఎక్కువ ఉలిక్కిపడేది ఇందుకే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మనవాళ్ళు వెక్కిరింపుగా వాడతారు గాని, షేరు బజారులో సోమలింగానికి రోజూ ధర పలుకుతుంది.

2000 సంగతికి వద్దాం. నాస్‌డాక్ సూచీ ఆ ఏడాది మార్చి 10న 5,048 దగ్గర ముగిసి, 2002 అక్టోబరు నాటికి 1,114కు దిగింది. మళ్ళీ ఆ పాత శిఖరాన్ని దాటడానికి 2015 దాకా పట్టింది. పడిపోయినవాటిలో ఊరూపేరూ లేని వెబ్‌సైట్లే ఉన్నాయనుకోవడం పొరపాటు. ఇంటర్నెట్‌కు రూటర్లు, స్విచ్‌లు అమ్మిన సిస్కో కంపెనీని చూడండి. 2000 మార్చిలో దాని మార్కెట్ విలువ 50 వేల కోట్ల డాలర్లు దాటి, కొన్నాళ్ళపాటు ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది. అప్పుడు దాని ధర లాభానికి నూరు రెట్లకు మించి ఉండేది. ఆ కంపెనీ మోసం చేయలేదు, మూతపడలేదు, దాని అమ్మకాలు ఈ పాతికేళ్ళలో దాదాపు మూడింతలయ్యాయి. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మారుస్తుందని చెప్పినవారి మాట అక్షరాలా నిజమయింది. అయినా ఆ రోజు కొన్నవాడు తను పెట్టిన ధరను మళ్ళీ చూసింది 2025 డిసెంబరులో. జోస్యం ఫలించి కూడా సొమ్ము పాతికేళ్ళు కదలకుండా పడి ఉండవచ్చునన్నమాట. ‘కృత్రిమ మేధ నిజంగా గొప్పదా కాదా’ అన్న చర్చ ఎంత జరిగినా మీ 12 లక్షలకు జవాబు దొరకకపోవడానికి ఇదే కారణం.

మీ అల్లుడి మాటలో సత్యం లేకపోలేదు. లాభాలు కాగితం మీదే ఉంటే ఎలా ఉంటుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత ఖాతాల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపామని ఒప్పుకున్న రోజు, ఆ షేరు ఒక్క పూటలో నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. అంతకు మూడు వారాల ముందే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సొమ్ముతో, పేరును తిరగేసి ‘మేటాస్’ అని పెట్టుకున్న కుటుంబ నిర్మాణ సంస్థలను కొనబోయి మదుపుదారులు ఎదురు తిరగడంతో వెనక్కి తగ్గిన సంగతి కూడా మరచిపోరాదు. (టెక్నాలజీ షేరూ హైదరాబాదు భూమీ ఒకే ఇంటి పిల్లలని అప్పుడే తెలిసి ఉండవలసింది.) ఎన్విడియా సంగతి అది కాదు. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ 13 వేల కోట్ల డాలర్ల అమ్మకాల మీద దాదాపు 7,300 కోట్ల డాలర్ల నికర లాభం ఆర్జించింది. ఆ లాభం నగదుగా వచ్చినదే.

అయితే ఆ నగదు ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. ఎన్విడియా చిప్‌లను అధికంగా కొనేది మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, మెటా వంటి కొద్దిమంది. ఆ నలుగురూ కలిసి 2025లో డేటా సెంటర్ల వంటివాటి మీద పెట్టిన పెట్టుబడి 30 వేల కోట్ల డాలర్లకు మించింది. అంటే ఒకరి లాభం మరొకరి ఖర్చు, ఆ ఖర్చుకు తగిన రాబడి చివరి వినియోగదారుడి నుంచి ఇంకా రావలసి ఉంది. పైగా అమ్మేవాడే కొనేవాడికి పెట్టుబడి ఇస్తున్న ఒప్పందాలు వచ్చాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐలో 10 వేల కోట్ల డాలర్ల దాకా పెడతానని 2025 సెప్టెంబరులో ఎన్విడియా ప్రకటించింది, ఆ సంస్థ ఆ చిప్‌లనే కొంటుంది. పల్లెలో ఎరువుల వ్యాపారి రైతుకు అప్పిచ్చి తన దుకాణంలోనే ఎరువు కొనిపించడం లాంటిదిది. పంట పండినంత కాలం అందరి లెక్కా బాగానే ఉంటుంది. ఇంకొక తగవు తరుగుదల గురించి. ఒక చిప్ ఆరేళ్ళు పనికొస్తుందని లెక్క రాస్తే ఏటా ఖర్చు తక్కువగా, లాభం ఎక్కువగా కనిపిస్తుంది. మూడేళ్ళకే పాతబడిపోతే ఆ లాభంలో కొంత అప్పుడు వెనక్కి ఇచ్చుకోవలసి వస్తుంది. ఈ చర్చలో నాకు అన్నిటికంటే పదునుగా తోచిన అభ్యంతరం ఇదే.

బుడగేనా అని సూటిగా అడిగారు. 2013లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో రాబర్ట్ షిల్లర్ బుడగలుంటాయని జీవితమంతా రాసినవాడు, యూజీన్ ఫామా ఆ మాటనే అంగీకరించనివాడు. కమిటీ ఇద్దరికీ కలిపి ఇచ్చింది, నేను తీర్పు చెప్పడం బాగుండదు. కాకపోతే షేర్ల ధరను పదేళ్ళ సగటు లాభంతో భాగించి షిల్లర్ కట్టే నిష్పత్తి 1999 డిసెంబరులో 44 దాకా వెళ్ళింది. అమెరికా మార్కెట్లో అది 40 దగ్గరికి చేరిన సందర్భాలు చరిత్రలో బహు అరుదు. అంత ధర దగ్గర కొన్నవాడికి తర్వాతి పదేళ్ళు సాధారణంగా సన్నగానే సాగుతాయి. రేపే కూలుతుందని మాత్రం దాని అర్థం కాదు. అమెరికా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు అలాన్ గ్రీన్‌స్పాన్ మార్కెట్ ఉత్సాహం అదుపు తప్పిందేమోనని హెచ్చరించినది 1996 డిసెంబరులో, మార్కెట్ పడినది ఆ తర్వాత మూడేళ్ళకు పైగా గడిచాక.

ఇక మీ సొమ్ము. గ్రాట్యుటీ అంటే మళ్ళీ సంపాదించలేని సొమ్ము. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 8.2 శాతం వడ్డీ 2023 ఏప్రిల్ నుంచీ నడుస్తోంది, 30 లక్షల దాకా పెట్టవచ్చు. ముందు అది నిండనివ్వండి. అల్లుడి మాట పూర్తిగా కాదనలేని పరిస్థితి అయితే ఒకటి రెండు లక్షలు, అదీ ఒకే షేరులో కాకుండా, సూచీలోని షేర్లన్నిటినీ కలిపి కొనే సూచీ ఫండులో పెట్టండి. సొమ్ము నేరుగా అమెరికాకు పంపితే సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం మూలంలోనే పట్టుకుంటారు, అంటే మీ 12 లక్షలకు 40 వేలు. రిటర్నులో సర్దుబాటయ్యేదే గాని అంతదాకా మీ సొమ్ము అక్కడ ఇరుక్కుంటుంది. అంతకంటే తక్కువమందికి తెలిసిన సంగతి ఒకటుంది. అమెరికా పౌరసత్వమూ స్థిరనివాసమూ లేనివారి పేరిట ఉన్న అమెరికా షేర్ల విలువ 60 వేల డాలర్లు దాటితే, వారి మరణానంతరం అక్కడి ప్రభుత్వం వారసత్వపు పన్ను వేస్తుంది, అది 40 శాతం దాకా వెళ్ళవచ్చు. మీ మొత్తం ఆ గీతకు చాలా దిగువన ఉంది. మీ అల్లుడి ఖాతా ఎంతుందో ఒకసారి అడగండి.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అద్దెకుంటున్నాం. హెచ్-1బీ మీద ఉన్నాను. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు రేట్లు తగ్గిస్తూ వచ్చింది కదా, ఇంటి లోను రేటు 3 శాతానికి తిరిగి వచ్చేదాకా ఆగుదామని నా ఆలోచన, ఇప్పుడే కొందామని మా నాన్నగారి ఒత్తిడి.
— ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: 3 శాతం కోసం ఆగకండి. అమెరికాలో 30 ఏళ్ళ ఇంటి లోను సగటు రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగడం మహమ్మారి నాటి విపరీతం. 2023 అక్టోబరులో అదే రేటు 7.79 శాతానికి ఎక్కింది. 4 లక్షల డాలర్ల అప్పు మీద నెల వాయిదా మొదటి రేటుకు సుమారు 1,610 డాలర్లు, రెండో రేటుకు సుమారు 2,880 డాలర్లు. ఇల్లు అదే, గోడలు అవే. ఇంత భారం పెరిగితే ధరలు పడాలి కదా అని మీరనవచ్చు. పడలేదు, ఎందుకంటే అక్కడి లోను ముప్పై ఏళ్ళూ మారని రేటు మీద ఉంటుంది. 3 శాతానికి అప్పు దొరికినవాడు ఆ ఇల్లు అమ్మి 7 శాతానికి మరొకటి కొనడు, అమ్మకానికి ఇళ్ళు రావు. కేంద్ర బ్యాంకు రేట్లు పెంచి ఇళ్ళ గిరాకీని తగ్గించబోతే సరఫరా కూడా తగ్గి కూర్చుంది.

ఫెడరల్ రిజర్వు నిర్ణయించేది బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే ఒక్క రాత్రి అప్పు రేటు. ఇంటి లోను నడిచేది పదేళ్ళ ప్రభుత్వ బాండు మీద వచ్చే వడ్డీ వెంట. 2024 సెప్టెంబరులో వారు ఏకంగా అర శాతం తగ్గించినప్పుడు ఇంటి లోను 6 శాతం పైచిలుకు ఉండేది, నాలుగు నెలలకు అది 7 దాటింది. ద్రవ్యోల్బణం మీదా ప్రభుత్వ అప్పు మీదా మదుపుదారులకు అనుమానం కలిగితే అంతే.

మీ విషయంలో రేటు కంటే వీసా పెద్ద లెక్క. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి హెచ్-1బీ ఇచ్చే వ్యవధి 60 రోజులు. ఆ 60 రోజుల్లో టెక్సాస్‌లో ఇల్లు అమ్ముడుపోతుందన్న హామీ లేదు, ఇంటి విలువలో ఏటా 2 శాతం దాకా ఉండే ఆస్తి పన్ను మాత్రం ఆగదు. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము ఇప్పటికే అక్కడుండి పొడిగించుకునేవారికి వర్తించదని ప్రభుత్వమే వివరించింది కనుక దాని గురించి దిగులు పడనక్కరలేదు. డౌన్ పేమెంటు పోగా, వాయిదా, పన్ను, బీమా కలిపి ఎనిమిది తొమ్మిది నెలలకు సరిపడా నగదు మిగిలితే కొనండి, రేటు తర్వాత తగ్గితే లోను మార్చుకోవచ్చు. మిగలకపోతే అద్దె ఇల్లే మీకు మేలు. నాన్నగారికి ఆ 60 రోజుల సంగతి చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు.

ప్రశ్న: ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడిని, జీతం 65 వేలు. రిజర్వు బ్యాంకు 2025లో రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు వడ్డీని) ఒకటింపావు శాతం తగ్గించింది, పత్రికలన్నీ ఇల్లు కొనడానికి ఇదే అదను అని రాశాయి. నాకు మాత్రం ఇల్లు ఇంకా దూరమయింది. ప్రభుత్వ విధానంలో లోపమా, నా లెక్కలో లోపమా?
— ఉప్పల్, హైదరాబాదు

జవాబు: మీ లెక్కలో లోపం లేదు. రెపో 6.5 శాతం నుంచి ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో నాలుగు విడతలుగా 5.25కు దిగింది. ఆ తగ్గింపు మొత్తం బ్యాంకు మీకిచ్చిందనుకుని, 9 శాతం లోను 7.75 అయిందనుకుందాం. 60 లక్షల మీద ఇరవై ఏళ్ళ ఈఎంఐ సుమారు 53,980 నుంచి 49,260కి తగ్గుతుంది, నెలకు 4,700 పైచిలుకు ఆదా. కానీ మరోలా చూస్తే, అదే 53,980 కట్టగలిగినవాడికి ఇప్పుడు దాదాపు 65 లక్షల 75 వేల అప్పు దొరుకుతుంది. ఈ సంగతి కొనేవాడికంటే ముందు బిల్డరుకు తెలుసు. ధర తొమ్మిదిన్నర శాతం పెరిగితే వడ్డీ తగ్గింపు మొత్తం మీ చేతిలోంచి ఆయన చేతికి మారిపోతుంది. మీ ఈఎంఐ ఎక్కడిదక్కడే, డౌన్ పేమెంటు మాత్రం పెరుగుతుంది. ఇళ్ళు తగినన్ని లేనిచోట చవక అప్పు కొనుగోలుదారుకు దక్కదు, భూమి ఉన్నవాడికి దక్కుతుంది.

ఆ భూమి ఎవరిదన్నదే నేను విధానంలో లోపం అనదలచుకున్నది. హైదరాబాదు పడమట పెద్ద అమ్మకందారు ప్రభుత్వమే. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు అందరూ నోరు వెళ్ళబెట్టారు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది, అంటే గజం 3 లక్షల 65 వేలు. ఆ సొమ్ము ఖజానాకు వస్తుంది, పథకాలకు ఖర్చవుతుంది, అందువల్ల ఏ పార్టీ అధికారంలో ఉన్నా వేలం ఆగదు, వేలం ధర తగ్గాలని కోరుకోదు. మరునాడు చుట్టుపక్కల పది కిలోమీటర్లలో గజం అమ్మేవాడెవడైనా ఆ వార్త వచ్చిన పత్రికను చేత్తో పట్టుకునే బేరం మొదలుపెడతాడు. ఒక చేత్తో ఇళ్ళు అందుబాటులోకి రావాలంటూ మరో చేత్తో భూమి రికార్డు ధరకు పోవాలని కోరుకునే ప్రభుత్వానికి ఈ రెండింటిలో ఏది ముఖ్యమో బడ్జెటు కాగితాలే చెబుతాయి. హైదరాబాదులో ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితి లేకపోవడం వల్ల అంత ఖరీదైన భూమి మీద ఎన్ని అంతస్తులైనా లేపి, ఒక్కో ఫ్లాటు మీద పడే భూమి భారాన్ని పలచన చేస్తున్నారన్నది నిజమే. అలా లేచిన నలభై అంతస్తుల్లో మీ జీతానికి తగిన అంతస్తు లేదు.

కేంద్రం వైపు చూస్తే, ‘అందుబాటు ధర ఇల్లు’ అంటే ధర 45 లక్షల లోపు, హైదరాబాదు వంటి మహానగరాల్లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు ఉండాలని 2019లో నిర్ణయించారు. దానికే 1 శాతం జీఎస్టీ, మిగిలినవాటికి 5. అప్పటి నుంచి సిమెంటు, ఇనుము, కూలి, భూమి అన్నీ పెరిగాయి, ఆ 45 మాత్రం అలాగే ఉంది. మీ జీతంలో సగం ఈఎంఐకి పోయినా దొరికే అప్పు 40 లక్షలకు కాస్త తక్కువ, కనుక మీరు ఆ తరగతి కొనుగోలుదారే. కానీ ఆ ధరకు కట్టేవాడు నగరం లోపల లేడు. పరిమితిని పెంచాలన్న వాదన న్యాయమే. పెంచితే సరిపోతుందన్న వాదనతో మాత్రం నేను ఏకీభవించను. వేలం వేసే ప్రతి పెద్ద భూమిలో ఒక భాగాన్ని చిన్న ఫ్లాట్లకు కేటాయించి, ఆ మేరకు తక్కువ ధరకు అమ్మే షరతు పెడితే అది నిజమైన విధానమవుతుంది.

మీ వరకు మీరు పాత ఫ్లాట్లు చూడండి. నిర్మాణం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నదానికి జీఎస్టీ లేదు. ఉప్పల్, నాచారం వైపు ఇరవై ఏళ్ళ నాటి మూడంతస్తుల ఇళ్ళలో లిఫ్టు ఉండకపోవచ్చు గాని భూమి వాటా ఎక్కువగా ఉంటుంది. తక్కువ ధరకు వస్తుందని ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అవిభాజ్య భూమి వాటా రాసిస్తామనేవారి దగ్గర మాత్రం అడ్వాన్సు కట్టకండి. ఆ కాగితం మీకు ఫ్లాటు ఇవ్వదు, వందలమందితో కలిసి ఒక ఖాళీ స్థలంలో వాటా ఇస్తుంది.

ప్రశ్న: గూగుల్ డేటా సెంటరు వస్తోందని ఆనందపురం వైపు గజం ధర పెంచేశారు. ఇప్పుడు 200 గజాలు కొనవచ్చా?
— మధురవాడ, విశాఖపట్నం

జవాబు: 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన పెట్టుబడి ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు. అంకె పెద్దదే. కానీ అందులో అధిక భాగం యంత్రాలకూ విద్యుత్తుకూ కేబుళ్ళకూ పోతుంది. డేటా సెంటరు కరెంటు తాగుతుంది, నీళ్ళు తాగుతుంది, ఫ్లాట్లు కొనదు. వెయ్యిమంది ఇంజనీర్లు కూర్చునే కార్యాలయం పక్కన పెరిగినట్టు దాని పక్కన అద్దెలు పెరగవు. నిర్మాణ దశలో కూలీలూ కాంట్రాక్టర్లూ వస్తారు, కట్టడం పూర్తయ్యాక వెళ్తారు. ఇల్లు కట్టుకోవడానికైతే లేఅవుట్ అనుమతి చూసుకుని కొనండి, అమ్ముకోవడానికైతే వద్దు. ప్రకటన మీద కొన్న భూమి ఏమవుతుందో 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినిపించిన మరునాడు అమరావతిలో ప్లాటున్నవారిని అడిగితే చెబుతారు.

ప్రశ్న: ఇంతమందికి సలహాలిస్తున్నారు, మీకు టెక్ షేర్లున్నాయా? సొంత ఇల్లుందా?
— నెల్లూరు

జవాబు: ఇల్లుంది, లిఫ్టు లేని మూడో అంతస్తు, లోను తీరింది. విడిగా టెక్ షేర్లు లేవు, సూచీ ఫండు ద్వారా అందరికీ ఉన్నంత ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు 200 కొన్నాను, పేరులో ‘డాట్ కామ్’ చేర్చుకున్న వారం రోజులకు. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ చిరునామాకు రాసిన ఉత్తరాలు తిరిగి రావడం మొదలయింది. డీమ్యాట్ చేయించుకోవడానికి బద్ధకించినందువల్ల ఆ సర్టిఫికెట్లు ఇంకా కాగితాల రూపంలోనే ఉన్నాయి. మంచి దళసరి కాగితం కావడంతో మా ఆవిడ బీరువా అరలో చీరల కింద పరిచింది.